పొర్లుకట్ట మీది ఇంటికి నోటీసు అక్కర్లేదా?

మొన్న పెన్నా పొర్లుకట్ట కాడ ఒక పెద్దమ్మ ప్లాస్టిక్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రసీదులు, బీ-మెమో. "ఇన్ని కాయితాలుంటే మా ఇల్లు కొట్టరు గదా అబ్బయా? సుప్రీంకోర్టు బుల్డోజర్లు ఆపేసిందంట గదా" అనింది.

తీర్పు వచ్చిన మాట నిజమే. 2024 నవంబరు 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ఇచ్చినారు. కూల్చే ముందు 15 రోజుల నోటీసు రిజిస్టరు పోస్టులో పంపాల, గోడకి అంటించాల, ఇంటోళ్ల మాట వినాల. ఆర్డరు ఇచ్చినాక ఇంకో 15 రోజులు ఆగాల. ఇది తప్పితే నష్టం ఆఫీసరు సొంత జేబులోంచి కట్టాల. అంతా బాగుండాది. అయితే అదే తీర్పులో, రోడ్డు, ఫుట్‌పాత్, రైలుకట్ట పక్కన, నదులు, చెరువులు కాడుండే అక్రమ కట్టడాలకి ఇవి వర్తించవని కూడా రాసినారు. పేదోళ్లు ఉండేది ఇంక యాడ? 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు కాడ హైవేనే కోసేసింది. వేరే జాగా ఉంటే ఈ కట్టని పట్టుకోని ఎవురుంటారు?

బీ-మెమో సంగతి చెప్తే ఆమె మొహం వాడిపోయింది. అది హక్కు కాయితం కాదు, సర్కారు జాగాలో ఉండావని జరిమానా వేసే కాయితం. ఉండావని ఒప్పుకుంటారు, దుడ్లు కట్టించుకుంటారు, పట్టా మాత్రం ఇయ్యరు. క్రమబద్ధీకరణ జీవోలు వచ్చినా కాలవగట్లు, చెరువులు 'అభ్యంతరకరం' కిందికే పోతాయి.

పాలస్తీనాలో ఇదే పని జాతిని చూసి చేస్తా ఉండారు. వెస్ట్ బ్యాంకులో 60 శాతం దాకా ఉండే సి ఏరియాలో పర్మిట్లిచ్చేది ఇజ్రాయెల్ సైనిక యంత్రాంగం. పాలస్తీనా వాళ్ల అర్జీలు దాదాపు అన్నీ కొట్టేస్తారు, తర్వాత పర్మిట్ లేదని ఇల్లు కొట్టేస్తారు. మనకాడ సైన్యం లేదు, ఆక్రమణ పాలన లేదు, రెండూ ఒకటని నేననను. ముందు అక్రమం చేసి తర్వాత కూల్చే వరస మాత్రం తెలిసినట్టే ఉంటాది. 2024లో హైదరాబాదులో దుర్గం చెరువు చుట్టూ ఉండే పెద్దిళ్లకి 30 రోజుల గడువిచ్చినారు. కూకట్‌పల్లి నల్లచెరువు కాడ షెడ్లు మాత్రం సెప్టెంబరు 22న, ఆదివారం పూట, లేపేసినారు. సామాను తీసుకునే టైమన్నా ఇయ్యలేదని ఆడోళ్లు ఏడ్చినారు.

పొర్లుకట్టోళ్లకి మిగిలుండేది ఇంగ్లీషోళ్ల కాలంనాటి 1905 భూ ఆక్రమణ చట్టమే. వెళ్లగొట్టే అధికారం ఇచ్చింది అదే. అయితే దాంట్లో 7వ సెక్షను, ముందు నోటీసిచ్చి జవాబు వినమంటాది. 10వ సెక్షను కింద అప్పీలుండాది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో బొంబాయి ఫుట్‌పాత్ జనానికి జాగా దక్కలేదు గానీ, బతుకుదెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు అనింది.

నోటీసు వస్తే తేదీ చూడండి, జవాబు రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. పెద్దమ్మ కవర్లో బీ-మెమోని పారెయ్యద్దన్నా. హక్కు లేకపోయినా, ఎన్నేళ్లుగా ఆడుండాదో సర్కారు చేత్తో రాసిన కాయితం అదొక్కటే.