మలేరియా సమూల చికిత్స: చరిత్ర

మలేరియా జ్వరం తగ్గాక కూడా శరీరంలో దాగి ఉండే పరాన్నజీవిని నిర్మూలించి, జబ్బు తిరగబెట్టకుండా చేసే వైద్యాన్ని సమూల చికిత్స అంటారు. వైవాక్స్, ఓవేల్ రకాల పరాన్నజీవులు కొన్ని కాలేయ కణాల్లో నిద్రాణంగా ఉండిపోయి, వారాల తరవాతనో నెలల తరవాతనో మేలుకొని రక్తంలోకి దిగుతాయి. ఫాల్సిపారం రకానికి ఈ నిద్ర దశ లేదు. అది తిరగబెట్టిందంటే రక్తంలోనే కొంత మిగిలిందని అర్థం. మందు మధ్యలో ఆపేయడమో, పరాన్నజీవి మందుకు లొంగకపోవడమో అందుకు కారణం. వైవాక్స్ రోగికి భారతదేశంలో ఇచ్చేవి రెండు మందులు: రక్తంలోని పరాన్నజీవికి 3 రోజులు క్లోరోక్విన్, కాలేయంలోని దానికి 14 రోజులు ప్రిమాక్విన్. చలీ జ్వరమూ మొదటి రెండు మూడు రోజుల్లోనే పోతాయి. ఆ తరవాత కూడా, ఒంట్లో ఏ బాధా లేని మనిషి, రోజూ అన్నం తిన్నాక మాత్ర వేసుకోవాలి. ఈ వైద్యం ఎక్కువగా తప్పేది అక్కడే.

తొలి కాలం

రోజు విడిచి రోజు, మూడు రోజులకొకసారి వచ్చే జ్వరాలను ఆయుర్వేద గ్రంథాలు విషమజ్వరాలుగా గుర్తించి తృతీయక, చాతుర్థక భేదాలు చెప్పాయి. 17వ శతాబ్దంలో దక్షిణ అమెరికా నుంచి సింకోనా బెరడు యూరపుకు చేరింది. 1820లో పెలెటియే, కవెంతూ దాని నుంచి క్వినైన్‌ను వేరుచేశారు. 1880లో లావెరాన్ అల్జీరియాలో రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో దాని ఆనవాలు పట్టాడు. ఇవన్నీ జరిగినా, క్వినైన్ తిని లేచి తిరిగిన మనిషి మళ్లీ ఎందుకు మంచం పడుతున్నాడో ఎవరికీ తెలియలేదు. పైగా 1903లో జర్మన్ శాస్త్రవేత్త షౌడిన్, దోమ వదిలిన బీజాలు నేరుగా ఎర్ర రక్తకణాల్లోకి చొరబడటం కళ్లారా చూశానని ప్రకటించాడు. ఆయనకున్న పేరు అలాంటిది. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ మాటే చెల్లింది.

రెండు యుద్ధాల నడుమ

అసలు కదలిక అనుకోని చోటు నుంచి వచ్చింది. 1917లో వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ సిఫిలిస్ వల్ల మతి చెడిన రోగులకు కావాలనే మలేరియా ఎక్కించి వైద్యం చేయడం మొదలుపెట్టాడు. ఈ పద్ధతి పలు దేశాలకు పాకాక వైద్యులకు ఒక తేడా కనబడింది. రోగి రక్తం ఎక్కించి తెప్పించిన జ్వరం క్వినైన్‌తో పోతే మళ్లీ రాదు. దోమతో కుట్టించి తెప్పించినది మాత్రం తిరగబెడుతుంది. దోమ వదిలిన బీజం రక్తం కాక మరెక్కడో మకాం వేస్తోందన్న అనుమానానికి అది బలమైన ఆధారమైంది.

1920ల నడుమ జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన షూలేమాన్ బృందం ప్లాస్మోచిన్ అనే మందు తయారుచేసింది. తిరగబెట్టే మలేరియాపై పనిచేసిన తొలి మందు అదే. దీన్ని భారతదేశంలో శ్రద్ధగా పరీక్షించినవాడు ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్ జాన్ సింటన్. మొదటి ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన ఈయన తరవాత రాయల్ సొసైటీ సభ్యుడూ అయ్యాడు. ఆ రెండు గౌరవాలూ దక్కింది ఈయన ఒక్కడికే. 1927లో కసౌలీలో మలేరియా సర్వే ఆఫ్ ఇండియాకు తొలి డైరెక్టర్ అయిన సింటన్, మలేరియా పదేపదే తిరగబెడుతున్న సైనికులకు క్వినైన్‌తో కలిపి ప్లాస్మోచిన్ ఇచ్చి చూశాడు. తిరగబెట్టడం బాగా తగ్గిందని 1928లో ప్రకటించాడు. సైనికులు కనుక రోజూ మందు ఎదుటే మింగించడం, నెలల తరబడి కనిపెట్టి ఉండటం సాధ్యమైంది. ఆ ఓపికైన పరిశీలన నేటికీ మెచ్చదగినది. మందులో మాత్రం ఇబ్బంది ఉంది: కొందరికి మూత్రం నల్లబడి, రక్తం విరిగిపోయేది. ఎందుకో అప్పటికి తెలియలేదు.

నౌకల మీద 14 రోజులు

1942లో జావా జపాను చేతికి పోవడంతో మిత్రదేశాలకు క్వినైన్ కరువైంది. సైనికులకు మెపాక్రిన్ మాత్రలిచ్చారు. ఒళ్లు పసుపురంగు తిరిగినా యుద్ధం నడిచింది. కానీ పసిఫిక్ నుంచి ఇంటికి చేరిన సైనికులు మాత్ర ఆపగానే వణుకు మొదలై ఆస్పత్రుల్లో చేరేవారు. కొత్త మందు కోసం అమెరికా పెద్ద ఎత్తున అన్వేషణ సాగించింది. రాబర్ట్ ఎల్డర్‌ఫీల్డ్ తయారుచేసిన ప్రిమాక్విన్‌ను ఇల్లినాయి రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైలు ఖైదీలపై ఆల్వింగ్ బృందం పరీక్షించింది. ఖైదీలు ఇష్టపడే ఒప్పుకున్నారని రికార్డులు చెబుతాయి. జైలు గోడల మధ్య ఇష్టానికి విలువెంత అన్న ప్రశ్న న్యూరెంబర్గ్ విచారణల్లో నాజీ డాక్టర్ల తరఫున లేవనెత్తినప్పటి నుంచి ఇప్పటికీ సమసిపోలేదు.

కొరియా యుద్ధం నుంచి తిరుగుప్రయాణమైన అమెరికన్ సైనికులకు ఓడలోనే రోజుకు 15 మిల్లీగ్రాముల ప్రిమాక్విన్ చొప్పున 14 రోజులు పర్యవేక్షణలో ఇచ్చారు. సముద్ర ప్రయాణానికి పట్టే కాలం కూడా ఆ లెక్కకు ఒక కారణమంటారు. ఓడలో ఉన్నవాడు ఎక్కడికీ పోలేడు, పూట తప్పించలేడు. ఫలితం అద్భుతంగా వచ్చింది. 1952లో ఈ మందుకు అమెరికాలో అనుమతి లభించింది. ఓడ మీద కుదిరిన ఆ పద్నాలుగు రోజుల లెక్కే తరవాత కూలిపనికి పోయే రైతుకూ, పోడు చేనులో గుడిసె వేసుకున్న గిరిజనుడికీ వర్తించింది.

కాలేయం, రక్తం

1948లో లండన్‌లో షార్ట్, గార్న్‌హామ్ మొదట కోతిలో, తరవాత స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒకరి కాలేయంలో పరాన్నజీవిని చూపడంతో షౌడిన్ సిద్ధాంతం కూలిపోయింది. నిద్రాణ రూపాన్ని క్రొటోస్కీ తదితరులు 1980ల తొలినాళ్లలో గుర్తించారు. నల్ల మూత్రం చిక్కుముడి 1956లో విడింది. ఎర్ర రక్తకణాల్లో జి6పీడీ అనే ఎంజైము లోపించినవారికి ప్రిమాక్విన్ పడదని ఆల్వింగ్ బృందమే తేల్చింది. ఈ లోపం ఉన్నవారు భారతదేశంలోనూ ఉన్నారు. గిరిజన తెగల్లో కనిపించే ఒక రకానికి ఒరిస్సా అనే పేరే ఉంది. స్వల్ప లోపం ఉంటే వారానికొక మోతాదు చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి వచ్చింది. మరికొందరి కాలేయం ఈ మందును చురుకైన రూపంలోకి మార్చలేదని, అందుకే వారికి పూర్తిగా వాడినా జబ్బు తిరగబెడుతుందని 2013లో తెలిసింది. తిరగబెట్టిన ప్రతిసారీ రోగినే తప్పుపట్టడం అంత న్యాయం కాదు.

భారతదేశంలో

స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు ఉండేవని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. మలేరియా కార్యకర్త ఇంటింటికీ తిరిగి, జ్వరమున్నవారి వేలి నుంచి రక్తపూత తీసి, అక్కడికక్కడే క్లోరోక్విన్ ఇచ్చి, తాను వచ్చిన తేదీ గోడ మీద రాసి వెళ్లేవాడు. పరీక్షలో మలేరియా అని తేలితే మళ్లీ వచ్చి సమూల చికిత్స మాత్రలు ఇచ్చేవాడు. ఈ రెండు రాకపోకల మధ్య వారాలు గడిచేవి. 1960ల నడుమకు కేసులు లక్ష దరిదాపుకు దిగి, 1976లో 64.7 లక్షలకు ఎగబాకాయి.

ఈ కార్యక్రమం వైవాక్స్‌కు దశాబ్దాల పాటు 14 రోజులు కాక 5 రోజుల ప్రిమాక్విన్‌నే వాడింది. పద్నాలుగు రోజులు ఎవరూ మింగరన్నది వాదన. అది లోకజ్ఞానమే, శాస్త్రం మాత్రం దానికి అండగా నిలవలేదు. రోజుల సంఖ్య కన్నా మొత్తం మోతాదే ముఖ్యమని 1977లో ష్మిట్ కోతులపై చేసిన ప్రయోగాలు చూపాయి. అయిదు రోజుల మందు దాదాపు ఏమీ ఇవ్వనట్టేనని తరవాతి పరీక్షల్లో తేలింది. చివరకు జాతీయ ఔషధ విధానం 14 రోజులకే మళ్లింది. పెద్దలకు 7.5 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు రెండు, మొత్తం 28. పరగడుపున వేసుకుంటే కడుపులో నొప్పి వస్తుంది కనుక తిన్నాకే వేసుకోవాలని, మూత్రం నల్లబడితే వెంటనే ఆపి ఆస్పత్రికి రావాలని చెప్పే బాధ్యత ఆశా కార్యకర్తలపై పడింది. పూర్తి చికిత్స చేయించిన ప్రతి రోగికీ వారికి ఇచ్చే ప్రోత్సాహకం కొన్నేళ్లు 75 రూపాయలుగా ఉంది. పాడేరు, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఒక్కో గూడేనికి నడిచి వెళ్లే మనిషికి ఇది ఎక్కువేమీ కాదు.

దగ్గరుండి మింగించడమే మార్గమా అన్నదానిపై అధ్యయనాలు ఒకే మాట చెప్పవు. థాయ్‌లాండ్, మయన్మార్ సరిహద్దులో ఎదుటే మింగించినవారికి జబ్బు తిరగబెట్టడం తక్కువని 2010లో వెలువడిన పరిశోధన తేల్చింది. పాకిస్తాన్‌లోని అఫ్గాన్ శరణార్థులపై 2004లో వచ్చిన అధ్యయనంలోనేమో, విడమరచి చెప్పి మాత్రలు చేతికిచ్చినవారికీ దాదాపు అంతే మేలు కలిగింది.

ఇటీవలి కాలం

రోజులు తగ్గించే ప్రయత్నం మళ్లీ ఊపందుకుంది. రోజువారీ మోతాదు పెంచి ప్రిమాక్విన్ 7 రోజులిచ్చినా 14 రోజులంత పనిచేస్తుందని నాలుగు దేశాల్లో జరిపిన పరీక్ష 2019లో చూపగా, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక 7 రోజుల పద్ధతిని సిఫార్సుల్లో చేర్చింది. ఒక్కసారి వేసుకుంటే చాలే టఫెనోక్విన్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది ఒంట్లో వారాల తరబడి నిలుస్తుంది. మింగాక వెనక్కి తీయలేం కనుక జి6పీడీ ఎంత ఉందో కొలిచి గాని ఇవ్వరు.

గర్భిణులకు ప్రిమాక్విన్, టఫెనోక్విన్ రెండూ ఇవ్వరు. వారికి ముందు క్లోరోక్విన్ ఇచ్చి, కాన్పు అయి బిడ్డ పాలు మానేదాకా వారానికొకసారి దాన్నే కొనసాగించవచ్చని, ఆ తరవాత జి6పీడీ చూసి ప్రిమాక్విన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే ఏడాదికి పైగా ఆ తల్లి పేరు ఆశా రిజిస్టరులో పెండింగులోనే ఉంటుంది.