కర్క్యుమిన్: పసుపులోని క్రియాశీల పదార్థం

పసుపు కొమ్ముకు ఆ రంగునిచ్చేది కర్క్యుమిన్ అనే రసాయనం. అల్లం కుటుంబానికి చెందిన పసుపు మొక్క భూమిలో పెంచుకునే దుంపలో ఇది తయారవుతుంది. ఎండిన కొమ్ము బరువులో ఇదీ, దీన్ని పోలిన మరో రెండు అణువులూ కలిపి సాధారణంగా 2 నుంచి 5 శాతం మాత్రమే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం పిండిపదార్థం. ఆపైన పీచు, కొద్దిపాటి మాంసకృత్తులు, ఖనిజాలు, వాసననిచ్చే నూనె ఉంటాయి. కీళ్ల నొప్పులకు, జీర్ణశక్తికి, రోగనిరోధక శక్తికి మంచిదంటూ మందుల దుకాణాల్లో అమ్మే పసుపు క్యాప్సూళ్ల మీద క్రియాశీల పదార్థంగా కనిపించే పేరు ఇదే.

సహజ సప్లిమెంట్లలో కర్క్యుమిన్ మీద జరిగినంత పరిశోధన చాలా కొద్ది పదార్థాల మీదే జరిగింది. గాజు పాత్రలోని కణాల మీద ఇది చూపే గుణాల జాబితా చాలా పొడవైనది. మనుషుల్లో రుజువైన ప్రయోజనాల జాబితా అందులో చిన్న భాగం. ఈ తేడాకు కారణం ఆ అణువు స్వభావంలోనే ఉంది.

రసాయన స్వభావం

ఒక్కో కర్క్యుమిన్ అణువులో 21 కార్బన్, 20 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఇది పాలీఫినాల్ తరగతికి చెందుతుంది. దుంపలో దీనితోపాటు డీమిథాక్సీ కర్క్యుమిన్, బిస్‌డీమిథాక్సీ కర్క్యుమిన్ అనే మరో రెండు అణువులు కూడా ఉంటాయి. మూడింటినీ కలిపి కర్క్యుమినాయిడ్లు అంటారు. మార్కెట్లో దొరికే సారంలో నాలుగింట మూడు వంతుల దాకా కర్క్యుమినే.

ఇది నీటిలో దాదాపు కరగదు. నూనెలో, ఆల్కహాల్‌లో కరుగుతుంది. గ్లాసు నీళ్లలో వేసిన పసుపు అడుగున పేరుకోవడం, పోపు నూనెలో వేస్తే రంగు వెంటనే దిగడం ఈ గుణం వల్లే. ఆమ్ల మాధ్యమంలో పసుపుపచ్చగా ఉండే ఈ అణువు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి ఎరుపు పసుపులో సున్నం కలిపినందువల్ల వచ్చిందే. ఎండ తగిలితే కర్క్యుమిన్ విచ్ఛిన్నమవుతుంది. అందుకే బట్టకు అంటిన పసుపు మరక సబ్బుకు పోకపోయినా ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. ఇదే కారణంతో పసుపును, పసుపు క్యాప్సూళ్లను వెలుతురు తగలని డబ్బాల్లో దాచాలి. ఆహార రంగుగా దీనికి ఇ100 అనే అంతర్జాతీయ సంఖ్య ఉంది.

కనుగొన్న క్రమం

1815లో వోగెల్, పెల్టియే అనే శాస్త్రవేత్తలు పసుపు నుంచి ఈ రంగు పదార్థాన్ని వేరుచేసి కర్క్యుమిన్ అని పేరు పెట్టారు. దాని నిర్మాణం తేలడానికి మరో 95 ఏళ్లు పట్టింది. 1910లో పోలెండ్‌కు చెందిన మిలోబెద్స్కా, కొస్తనెస్కీ, లాంపే ఆ పని పూర్తిచేశారు. 1913లో దీన్ని ప్రయోగశాలలోనే తయారుచేయగలిగారు. బాక్టీరియాను అడ్డుకునే దీని గుణాన్ని 1949లో నేచర్ పత్రిక ప్రచురించింది. వాపును తగ్గించే గుణాన్ని లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థకు చెందిన శ్రీమల్, ధావన్ 1973లో వివరించారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ చరిత్రలో గౌరవప్రదమైన స్థానం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు 16 మంది పొగతాగేవారికి 30 రోజులపాటు రోజుకు 1.5 గ్రాముల పసుపు ఇచ్చి, జన్యువులకు హాని చేసే పదార్థాలు వారి మూత్రంలో తగ్గినట్లు 1992లో ప్రకటించారు. మధుమేహం ఉన్న ఎలుకల్లో కంటి శుక్లాలు ముదరడాన్ని పసుపు ఆలస్యం చేసిందని 2005లో అదే సంస్థ చూపింది. ఈ రెండింటిలో మొదటిది చిన్న ప్రయోగం, రెండోది జంతువుల మీద చేసినది. అయినా ఇంట్లో వాడే పసుపును, వంటలో పడే మోతాదుకు దగ్గరగా తీసుకుని పరీక్షించడం వీటి విలువ.

పొలం నుంచి క్యాప్సూల్ దాకా

ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా భారతదేశానిదే. 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. తెలంగాణలో నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాలు, ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు జిల్లా దుగ్గిరాల, కడప, పాడేరు ఏజెన్సీ ఈ పంటకు పేరుపడ్డాయి. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది.

ఎనిమిది, తొమ్మిది నెలల పంట ఇది. తవ్విన దుంపలను ఉడకబెట్టి, కళ్లంలో పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగు పెడతారు. నిజామాబాద్ యార్డులో సరుకు కాడి, గోళ అని, దుగ్గిరాలలో కొమ్ములు, కాయలు అని వేలానికి వస్తుంది. వంట పసుపు కొనేవారు రంగు, గట్టిదనం చూస్తారు. సారం తీసే కర్మాగారాలు కర్క్యుమిన్ శాతం చూస్తాయి. మేఘాలయలోని లకడాంగ్ పసుపులో అది 7 శాతం దాకా ఉంటుంది. కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ రూపొందించిన ప్రతిభ రకంలో 6 శాతం పైనే ఉంది. రకం, నేల, తవ్వే సమయాన్ని బట్టి ఈ శాతం మారుతుంది కాబట్టి, ఏ రకం వేయాలన్న నిర్ణయం రైతు రాబడిని కూడా మారుస్తుంది.

కర్మాగారంలో కొమ్ములను పొడిచేసి ఇథైల్ అసిటేట్, అసిటోన్, ఆల్కహాల్ వంటి ద్రావణుల్లో నానబెడతారు. దిగిన సారాన్ని చిక్కబరిస్తే ఓలియోరెసిన్ అనే జిగురు ముద్ద మిగులుతుంది. దాన్ని శుద్ధిచేసి స్ఫటికాలుగా మారిస్తే 95 శాతం కర్క్యుమినాయిడ్లున్న నారింజ రంగు పొడి వస్తుంది. క్యాప్సూల్లో నింపేది ఎక్కువగా దీన్నే.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. చెంచా పసుపు సుమారు 3 గ్రాములు. అందులో 3 శాతం కర్క్యుమిన్ ఉందనుకుంటే 90 మిల్లీగ్రాములు. నలుగురు తినే పప్పులో అర చెంచా వేస్తే ఒక్కొక్కరికి దక్కేది 11 మిల్లీగ్రాములు. 95 శాతం సారంతో నింపిన 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో ఉండేది 475 మిల్లీగ్రాములు. అంటే ఒక్క క్యాప్సూల్ అయిదు చెంచాల పసుపుకు సమానం. తాతముత్తాతల నుంచి తింటున్నదేగా అని క్యాప్సూల్‌ను నమ్మడం ఈ లెక్క ముందు నిలవదు.

ఒంట్లో ఏమవుతుంది

మింగిన కర్క్యుమిన్‌లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. నీటిలో కరగదు కాబట్టి పేగు గోడ దాన్ని సరిగా పీల్చుకోలేదు. పీల్చుకున్న కొద్దిపాటిని కూడా పేగు గోడ కణాలు, కాలేయం వెంటనే ఇతర పదార్థాలుగా మార్చేస్తాయి. మిగిలినది మలంలో పోతుంది. 2006లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 24 మంది ఆరోగ్యవంతులకు ఒకే విడతలో 500 నుంచి 12,000 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూశారు. 8,000 మిల్లీగ్రాముల వరకు తీసుకున్నవారి రక్తంలో కర్క్యుమిన్ జాడే దొరకలేదు. అంతకు మించి తీసుకున్నవారిలో ఇద్దరికి మాత్రం స్వల్పంగా కనిపించింది.

ఈ అడ్డంకిని దాటడానికి ఎంచుకున్న దారి మిరియాలు. మిరియాల ఘాటుకు కారణమైన పైపరిన్ కాలేయం, పేగుల్లో జరిగే ఈ మార్పిడిని నెమ్మదింపజేస్తుంది. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో 2 గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడించి, రక్తంలో లభ్యత 2,000 శాతం పెరిగిందని చెప్పారు. ప్రకటనలన్నిటా కనిపించే అంకె ఇదే. అయితే దాదాపు సున్నా దగ్గర మొదలైన పరిమాణం ఇరవై రెట్లు పెరిగినా కొద్దిపాటిగానే మిగులుతుంది. పైగా పైపరిన్ కర్క్యుమిన్ ఒక్కదాన్నే నిలిపి ఊరుకోదు. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్ వంటి మందుల స్థాయిని కూడా రక్తంలో పెంచగలదు.

ప్రయోజనాలు, ఆధారాలు

మోకాళ్ల నొప్పి మీద ఆధారాలు కాస్త బలంగా ఉన్నాయి. థాయిలాండ్‌లో 367 మంది కీళ్ల అరుగుదల రోగుల మీద జరిగి, 2014లో ప్రచురితమైన అధ్యయనంలో రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారం, 1,200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ నాలుగు వారాల తర్వాత ఇంచుమించు ఒకే ఫలితమిచ్చాయి. కడుపు నొప్పి, అసౌకర్యం సారం తీసుకున్నవారిలో తక్కువ. నొప్పి మాత్రలు కడుపుకు పడని పెద్దవాళ్లకు ఇది ఆశ కలిగించే విషయం.

అజీర్తి విషయంలోనూ ఫలితాలు బాగున్నాయి. ఈ అధ్యయనమూ థాయిలాండ్‌లోనే జరిగింది. 206 మందిని కర్క్యుమిన్, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ మందు, రెండూ కలిపి తీసుకునే మూడు జట్లుగా విడగొట్టారు. మూడు జట్లలోనూ ఉపశమనం దాదాపు సమానంగా ఉందని 2023లో తేలింది. పెద్దపేగు పుండ్ల వ్యాధి ఉన్న 89 మందిని తీసుకుని 2006లో జపాన్ వైద్యులు మరో ప్రయోగం వెలువరించారు. మామూలు మందులతోపాటు రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్ తీసుకున్నవారిలో ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టింది సుమారు 5 శాతానికి. తీసుకోనివారిలో 20 శాతానికి. జీర్ణనాళానికి సంబంధించిన జబ్బుల్లో ఫలితం కనబడడంలో ఆశ్చర్యం లేదు. రక్తంలోకి చేరని కర్క్యుమిన్ పేగుల్లోనే ఉండిపోతుంది కదా.

మిగతా చోట్ల నిరాశ ఎదురైంది. 36 మంది అల్జీమర్స్ రోగులకు 24 వారాలు ఇచ్చినా ప్రయోజనం లేదని 2012లో తేలింది. కెనడాలోని పది ఆసుపత్రుల్లో బృహద్ధమని శస్త్రచికిత్సకు వచ్చిన 606 మందిలో కర్క్యుమిన్ ఏ మేలూ చేయలేదు. మూత్రపిండాలకు దెబ్బ తగిలినవారు కర్క్యుమిన్ జట్టులోనే ఎక్కువ. క్యాన్సర్ కణాలను ఇది చంపుతుందన్న వార్తలన్నిటికీ మూలం గాజు పాత్రల్లో, ఎలుకల్లో చేసిన ప్రయోగాలు. క్యాన్సర్‌ను నయం చేసినట్లు మనుషుల్లో రుజువు లేదు.

2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన సమీక్ష మరో ముఖ్యమైన సంగతి చెప్పింది. కర్క్యుమిన్ ప్రయోగశాల పరీక్షలనే తప్పుదోవ పట్టించే అణువు. తానే మెరుస్తుంది, లోహాలకు అతుక్కుంటుంది, పరీక్ష జరుగుతుండగానే విడిపోతుంది. దీంతో మందుగా పనిచేయకపోయినా పనిచేసినట్లే పరికరాల్లో నమోదు కావచ్చు.

దుష్ప్రభావాలు

కూరలో వేసే పసుపు సురక్షితం. భయపడాల్సిన అవసరం లేదు. గాఢమైన సారాల సంగతి వేరు. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను నమోదుచేసే బృందం 2022లో పసుపు సప్లిమెంట్లకు సంబంధించిన 10 కేసులను వివరించింది. అయిదుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. జన్యు పరీక్షలో ఆ పది మందిలో ఏడుగురికి హెచ్ఎల్ఏ-బి 35:01 అనే జన్యురూపం ఉంది. పరీక్షించిన ఏడు ఉత్పత్తుల్లో మూడింటిలో పైపరిన్ కూడా ఉంది. ఇటలీ, ఆస్ట్రేలియాల్లోనూ ఇలాంటి కేసులు బయటపడి అక్కడి అధికారులు హెచ్చరికలు చేశారు.

కర్క్యుమిన్ పిత్తాశయాన్ని సంకోచింపజేస్తుంది. కాబట్టి పిత్తాశయంలో రాళ్లున్నవారు దీన్ని తీసుకోకూడదు. వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవారు, గర్భిణులు, రక్తహీనత ఉన్నవారు సొంతంగా మొదలుపెట్టడం ప్రమాదకరం. ఇనుముకు అతుక్కునే గుణం ఉన్నందున కర్క్యుమిన్ దాన్ని ఒంటికి అందకుండా చేయగలదు.

కల్తీ మరో ప్రమాదం. రంగు కోసం మెటానిల్ యెల్లో, లెడ్ క్రోమేట్ కలిపే వ్యాపారులున్నారు. లెడ్ క్రోమేట్‌లోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బంగ్లాదేశ్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ కల్తీని బయటపెట్టాక, అక్కడి ప్రభుత్వం మార్కెట్ల మీద దాడులు చేసి జరిమానాలు విధించింది. 2019లో 47 శాతం నమూనాల్లో కనిపించిన కల్తీ 2021 నాటికి మాయమైంది. పట్టుదల ఉంటే ఆపవచ్చనడానికి ఇది నిదర్శనం.

పేటెంటు వివాదం

గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు దక్కింది. రఘునాథ్ మశేల్కర్ నాయకత్వంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి దాన్ని సవాలు చేసింది. ప్రాచీన గ్రంథాలనూ, 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసాన్నీ సాక్ష్యంగా పెట్టింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. సంప్రదాయ విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా భద్రపరిచే ప్రయత్నానికి ఈ గెలుపు ఊతమిచ్చింది.

మోతాదు, నిబంధనలు

ఆహార రంగుగా కర్క్యుమిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం పెట్టిన హద్దు రోజుకు కిలో శరీర బరువుకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు. సప్లిమెంట్ల రూపంలో రోజుకు 153 మిల్లీగ్రాములు దాటవద్దని ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ 2022లో సూచించింది. భారతదేశంలో ఈ ఉత్పత్తులు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పరిధిలోకి వస్తాయి. ఇవి ఔషధంగా వాడడానికి కాదని సీసా మీద రాయాలని నిబంధన.

క్యాప్సూల్ కొనేవారు ఆ చిన్న అక్షరాలు చదవాలి. కర్క్యుమినాయిడ్లు ఎన్ని మిల్లీగ్రాములు, పైపరిన్ ఉందా లేదా అన్నవి ముందు చూసుకోవాలి. ఇప్పటికే వేసుకుంటున్న మందుల పేర్లతోపాటు దీని పేరు కూడా డాక్టరుకు చెప్పాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చినా వెంటనే మానేసి కాలేయ పరీక్ష చేయించుకోవాలి. మధుమేహానికీ, క్యాన్సర్‌కూ వాడుతున్న మందులు ఆపి పసుపు మాత్రలు మింగమని ఎవరు చెప్పినా వినవద్దు.