గంట ముందుకు జరిగిన మూడేళ్లు

మన సంఘంలో ఎనభై దాటిన పెద్దలు కొందరు ఒక విచిత్రమైన కాలంలో పుట్టారు. 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు మన దేశమంతటా గడియారాలు ఒక గంట ముందుకు జరిపి ఉంచారు. రెండవ ప్రపంచ యుద్ధం నాటి ఆ ఏర్పాటుకు 'వార్ టైము' అని పేరు. ఆ రోజుల్లో పుట్టిన బిడ్డ జనన సమయాన్ని గడియారం చూసి రాసి ఉంటే, అందులో నుండి ఒక గంట తీసివేసిన తరువాతే జాతకం వేయాలి. అనుభవజ్ఞులైన జ్యోతిష్కులు ఆ సంవత్సరాలు చెవిన పడగానే ముందుగా అడిగే ప్రశ్న ఇదే. లగ్నం సుమారు రెండు గంటలకొకటి మారుతుంది గనుక, ఆ గంట సంగతి మరచిపోతే దాదాపు సగం మందికి లగ్నమే మారిపోతుంది. గడియారం లేని ఇళ్లలో 'సూర్యోదయాది ఇన్ని గడియలకు' అని తాటాకు మీదనో కాగితం మీదనో రాసి పెట్టుకున్న వారికి మాత్రం ఈ బెడద లేదు.

జాతకాల మాట ఎలా ఉన్నా, సర్వీసు రిజిస్టరు మాటేమిటని ఉద్యోగం చేసిన వారికి సందేహం రావచ్చు. 31వ తేదీ రాత్రి అసలు పదకొండున్నరకు పుట్టిన బిడ్డ, యుద్ధపు గడియారం ప్రకారం పన్నెండున్నరకు, అంటే మరుసటి నెల ఒకటవ తేదీన పుట్టినట్టు లెక్క. అయితే ఒకటవ తేదీన పుట్టిన ఉద్యోగి అంతకు ముందు నెల చివరి రోజునే పదవీ విరమణ చేయాలన్నది మనకు కంఠోపాఠమైన నిబంధన. కనుక అటు రాసినా ఇటు రాసినా ఆయన ఇంటికి వెళ్లే రోజు ఒకటే! యుద్ధం చేసిన తికమకను మన నిబంధన తనకు తెలియకుండానే సరిచేసింది.

అసలు మన ప్రాంతానికి గడియారపు కాలం ఎలా వచ్చిందో కొంచెం వెనక్కు వెళ్లి చూడాలి. పూర్వం ఏ ఊరి పొద్దు ఆ ఊరిదే. పగలు రాత్రి కలిపి అరవై గడియలు, గడియకు ఇరవై నాలుగు నిమిషాలు, జాముకు మూడు గంటలు. ఏలూరు కాలువల మీద పడవలలో ప్రయాణం చేసినంత కాలం ఇంతకు మించిన లెక్క అవసరం లేకపోయింది. కాలువలో పడవ పావుగంట ఆలస్యమైతే అడిగే నాథుడు లేడు. రైలుకు అలా కుదరదు. ఒకే పట్టాల మీద ఎదురెదురుగా బండ్లు నడిపేవారికి, అన్ని స్టేషన్లలోనూ ఒకటే టైము ఉండి తీరాలి.

ఆ టైము మద్రాసు నుండి వచ్చింది. 1792లో నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ వారు కట్టించిన ఖగోళ వేధశాల నుండి సూర్య నక్షత్ర గతులను గమనించి కాలం నిర్ణయించేవారు. ఆనాడు దుర్భిణీని నిలబెట్టిన రాతి స్తంభం మీద చెక్కిన శాసనంలో తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయని చెప్పుకోవడం మనకు సంతోషం. గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందుండే ఈ మద్రాసు టైమునే దేశంలో రైల్వేలు చాలా మటుకు అనుసరించాయి. 1890లలో బెజవాడ నుండి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైలు వచ్చినప్పుడు దానితో పాటు మద్రాసు టైమూ మన ఊళ్లలో దిగింది.

1906 జనవరి 1 నుండి, 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం ఆధారంగా ఇప్పుడున్న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. మద్రాసు టైముకు సుమారు తొమ్మిది నిమిషాలు కలిపితే సరిపోయింది. బొంబాయిలో అయితే ముప్పై తొమ్మిది నిమిషాలు ఒక్కసారిగా ముందుకు జరపవలసి వచ్చింది. తెల్లవారకముందే పనికి రమ్మంటారా అని మిల్లు కార్మికులు ఎదురు తిరిగారు. ఆ నగరంలో కొందరు చాలా ఏళ్లపాటు పాత టైమునే పట్టుకుని ఉన్నారు. కలకత్తా 1948 దాకా తన టైము తాను నడుపుకుంది. మనకు ఏ గొడవా లేకపోవడానికి కారణం భూగోళమే. దేశానికంతటికీ టైము ఇచ్చే ఆ రేఖ మన తుని సమీపం నుండే పోతుంది. అక్కడి పొద్దుకు తాడేపల్లిగూడెం పొద్దు నాలుగు నిమిషాలు, ఏలూరు పొద్దు అయిదున్నర నిమిషాలు మాత్రమే వెనుక. గడియారానికీ సూర్యుడికీ ఇంత చక్కగా పొత్తు కుదిరిన ప్రాంతాలు దేశంలో ఎక్కువ లేవు.

అటువంటి చోట యుద్ధం వచ్చి గంట ముందుకు తోసింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. తాడేపల్లిగూడెంలో యుద్ధ విమానాల కోసం రన్‌వే వేశారు. బర్మా చేజారింది. వెలుతురు ఉండగానే పనులు ముగిస్తే కరెంటూ దీపాల నూనే ఆదా అవుతాయన్నది ప్రభుత్వం లెక్క. ఇది సీమ నుండి వచ్చిన లెక్క. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ముందు జర్మనీ, కొద్ది వారాలకే బ్రిటన్ వేసవిలో గడియారాలు గంట ముందుకు జరపడం మొదలుపెట్టాయి. లండనులో నిండు వేసవిలో పగలు పదహారున్నర గంటలు, చలికాలంలో ఎనిమిది గంటలకు లోపు. అంత పగటిలో ఒక గంటను తెల్లవారుజాము నుండి తీసి సాయంత్రానికి కలపడంలో అర్థముంది.

మరి ఏలూరులో? ఎంత పెద్ద పగలైనా పదమూడు గంటలకు అటూ ఇటూ, ఎంత చిన్న పగలైనా పదకొండుకు అటూ ఇటూ. సంవత్సరం మొత్తం మీద తేడా రెండు గంటలు. పైగా యుద్ధ టైమును ఒక్క వేసవికి కాక మూడు చలికాలాలు కూడా ఏకబిగిన నడిపారు. జనవరిలో ఏలూరులో సూర్యోదయం సుమారు 6-40కి. యుద్ధపు గడియారంలో అది 7-40. కైకలూరు, ఆకివీడు స్టేషన్లలో ఉదయం ఆరు గంటల బండి అందుకోవాలంటే, కొల్లేటి లంకల మనిషి పొద్దు పొడవడానికి గంటా నలభై నిమిషాల ముందే చేపల బుట్టతో ప్లాట్‌ఫారం మీద ఉండాలి. దోనె మీద వల వేసేవాడికి టైముతో పని లేదు. నీరూ పొద్దూ చెప్పినట్టు చేస్తాడు. కచేరీలో గుమాస్తాకూ ఇబ్బంది లేదు. ఆయన పని పొద్దెక్కాకే మొదలవుతుంది. బరువంతా పొద్దుకూ గడియారానికీ మధ్య నడిచే వారి మీద పడింది: బండికి సరుకు చేర్చేవారు, మిల్లు కూతకు లేచేవారు, వారికి అన్నం వండి పంపే ఆడవారు. ఆదా మాట చూస్తే, కిరసనాయిలే కరువైన ఆ రోజుల్లో పల్లెల వారు దీపాలు పెట్టే వేళకే భోజనాలు ముగించి పడుకునేవారు. వారి వద్ద ఆదా చేయడానికి మిగిలిందేమిటి? పాత టైమా, కొత్త టైమా అని ప్రతి మాటకూ అడగవలసి వచ్చేదని మా ఇంటి పెద్దలు చెప్పేవారు. యుద్ధం ముగిసిన రెండు నెలలకు ఆ గంటను వెనక్కు తీసుకున్నారు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక గడియారం సరిచేసుకోవడానికి స్టేషనుకు పోవలసిన పని కూడా తప్పింది.

గడియారం జరపాలన్న ఆలోచన మాత్రం పూర్తిగా సద్దుమణగలేదు. దేశమంతా అరగంట ముందుకు జరిపితే సాయంత్రం కరెంటు మిగులుతుందని బెంగుళూరు పరిశోధకులు వాదించారు. ఈశాన్య రాష్ట్రాలకు వేరే టైము ఉండాలని 2018లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు సూచించారు. ఈ రెండవ దానిలో న్యాయం ఉందని నా అభిప్రాయం. గౌహతిలో జూన్‌లో నాలుగున్నరకే తెల్లవారుతుంది. తేయాకు తోటల వారు ఎప్పటి నుండో గంట ముందున్న తోట టైము ఒకటి నడుపుకుంటున్నారు. కాని అరగంట ప్రతిపాదన మనకు పనికిరాదు. దాని వల్ల జనవరిలో మనకు పొద్దు పొడిచేది 7-10కి. ట్యూషనుకు పోయే పిల్లలు, పాలవాళ్లు, తెల్లవారుజామున మందు వేసుకుని నడకకు బయలుదేరే మన వయసువారు అందరూ ఇంకో అరగంట చీకటిలో తిరగాలి.

గడియారంతో పనిలేకుండానే వెలుతురును వాడుకునే పద్ధతి మన దగ్గర ఉంది. ఎండలు ముదిరే మార్చి మధ్యలో బడులు ఒంటిపూట అవుతాయి. ఉదయం తొందరగా మొదలుపెట్టి మధ్యాహ్నానికి వదిలేస్తారు. మారేది పని వేళ, గడియారం కాదు. ఎవరి జాతకమూ చెడదు. చేలల్లో కూలీలు వేసవిలో పెందలాడే దిగి ఎండ ఎక్కేసరికి గట్టెక్కడమూ ఇదే పద్ధతి.

విశేషమేమంటే, దాదాపు అదే వారంలో, మార్చి రెండవ ఆదివారం నాడు, అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కు. అరిజోనా వారు మాత్రం, ఎండలు మండే ఆ రాష్ట్రంలో సాయంత్రం ఇంకో గంట వెలుతురు ఎందుకని, చాలా మటుకు దీని జోలికి పోరు. ఈ మార్పులే వద్దని 2022లో అమెరికా సెనేట్ ఒక బిల్లు ఆమోదించింది గాని అది చట్టం కాలేదు. ఐరోపా పార్లమెంటు 2019లో చేసిన తీర్మానమూ ఆచరణకు రాలేదు. కనుక పిల్లలు అక్కడున్న మన సభ్యులు ఏడాదికి రెండుసార్లు లెక్క మార్చుకోక తప్పదు. మనకు సాయంత్రం ఏడు గంటలైనప్పుడు న్యూయార్కులో చలికాలం ఉదయం ఎనిమిదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. చలికాలంలో ఆఫీసుకు బయలుదేరే ముందు దొరికే అబ్బాయి, మార్చి తరువాత అదే వేళకు చేస్తే ఆఫీసులో ఉంటాడు. అప్పటి నుండి ఫోను ఆరు గంటలకు చేయాలి.