‘ఇఫ్’ ఒక్కటే... అర్థాలు నాలుగు: ఇంగ్లిష్‌లో షరతు వాక్యాల తీరు

ఇంగ్లిష్‌లో ‘ఇఫ్’ అనే మాట తెలియని విద్యార్థి ఉండడు. అయినప్పటికీ పదో తరగతి విద్యార్థి మొదలుకొని ఉద్యోగ ఇంటర్వ్యూకు సిద్ధమయ్యే పట్టభద్రుడి వరకు చాలామంది తడబడేది ఈ రెండక్షరాల మాటతో మొదలయ్యే వాక్యాల్లోనే. ‘ఇఫ్’ పక్కన ఏ క్రియారూపం వాడాలి, రెండో భాగంలో ‘విల్’ రావాలా ‘వుడ్’ రావాలా అన్నదే అసలు చిక్కు. ఇది కేవలం మార్కులకు సంబంధించిన విషయం కాదు. దరఖాస్తులో, కార్యాలయ లేఖలో, బ్యాంకు పత్రంలో ఒక్క క్రియారూపం మారితే జరగనిది జరిగినట్లుగా, జరిగే అవకాశం ఉన్నది అసాధ్యమైనట్లుగా అర్థం మారిపోతుంది. విదేశీ విద్య కోసం రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో రాయడం, మాట్లాడటం విభాగాలకు నాలుగేసి ప్రమాణాలుంటాయి. వాటిలో వ్యాకరణ వైవిధ్యం, కచ్చితత్వం ఒకటి. షరతు వాక్యాలపై పట్టు అక్కడ స్పష్టంగా బయటపడుతుంది.

తెలుగులో ఎలా? ఇంగ్లిష్‌లో ఎలా?

షరతును తెలిపే క్రియారూపాన్ని తెలుగు వ్యాకరణంలో చేదర్థకం అంటారు. ‘చేత్’ అనే సంస్కృత పదానికి ‘అయినచో’ అని అర్థం. ‘వచ్చినచో’, ‘వస్తే’, ‘చదివితే’ వంటివన్నీ చేదర్థకాలే. తెలుగులో షరతు విడి మాటగా కాక క్రియకు చివర చేరుతుంది. ఈ వాక్యాలను పరిశీలించాలి.

- నీరు మరిగితే ఆవిరవుతుంది.
- రేపు వాన పడితే ఆట ఆగిపోతుంది.
- నాకు రెక్కలుంటే ఎగిరిపోయేవాణ్ని.
- నిన్న నువ్వు పిలిస్తే వచ్చేవాణ్ని.

మొదటిది నిత్యసత్యం. రెండోది రేపటి అవకాశం. మూడోది ఊహ. నాలుగోది చేజారిన సంగతి. నాలుగింటిలోనూ షరతు భాగం ‘తే’ లేదా ‘టే’తోనే ముగిసింది. తేడా అంతా వాక్యం చివరి క్రియలోనే ఉంది. పైగా ‘ఎగిరిపోయేవాణ్ని’, ‘వచ్చేవాణ్ని’ ఒకే రూపంలో ఉన్నా ఒకటి నేటి ఊహను, మరొకటి నిన్నటి నష్టాన్ని తెలుపుతున్నాయి. తెలుగువారికి సందర్భాన్నిబట్టి ఆ తేడా తెలిసిపోతుంది. ఇంగ్లిష్ అలా సందర్భానికి వదిలిపెట్టదు. షరతు భాగంలోనూ, ఫలిత భాగంలోనూ క్రియను మార్చి చూపుతుంది. తెలుగు అలవాటుతో షరతు భాగంలోని క్రియను పట్టించుకోకపోవడమే చాలా పొరపాట్లకు మూలం.

గుర్తుంచుకోవలసిన సూత్రం

షరతు నిజమయ్యే అవకాశం ఉంటే క్రియ తన సహజ కాలంలోనే ఉంటుంది. అది నిజం కాదనుకుంటే క్రియ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. అంటే నేటి విషయానికి సింపుల్ పాస్ట్, నిన్నటి విషయానికి పాస్ట్ పర్‌ఫెక్ట్ వస్తాయి. ఇక్కడ పాస్ట్ టెన్స్ గడిచిన కాలాన్ని కాక వాస్తవానికి ఉన్న దూరాన్ని సూచిస్తుంది. ఈ సూత్రం అర్థమైతే నాలుగు రకాలనూ బట్టీ పట్టవలసిన అవసరం ఉండదు.

గోదావరి వరదనే ఉదాహరణగా తీసుకుని నాలుగు రకాలనూ చూడవచ్చు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది.

1. జీరో కండిషనల్: ఎప్పుడూ జరిగేది

రెండు భాగాల్లోనూ సింపుల్ ప్రెజెంట్ వస్తుంది. ప్రకృతి ధర్మాలు, నియమాలు, అలవాట్లు చెప్పడానికి వాడతారు.

‘ఇఫ్ ద రివర్ రీచెస్ 43 ఫీట్, ది ఆఫీసర్స్ ఇష్యూ ద ఫస్ట్ వార్నింగ్.’

ఇది ఏ ఒక్క రోజుకో చెందినది కాదు. ఎప్పుడు చేరినా జరిగేది ఇదే. ఇక్కడ ‘ఇఫ్’ స్థానంలో ‘వెన్’ పెట్టినా అర్థం పెద్దగా మారదు.

2. ఫస్ట్ కండిషనల్: జరిగే అవకాశం ఉన్నది

షరతు భాగంలో సింపుల్ ప్రెజెంట్, ఫలిత భాగంలో ‘విల్’తో పాటు క్రియ మొదటి రూపం వస్తాయి.

‘ఇఫ్ ద రివర్ రైజెస్ టునైట్, వి విల్ మూవ్ టు ద రిలీఫ్ క్యాంప్.’

నది పెరగవచ్చు, పెరగకపోవచ్చు. పెరిగితే శిబిరానికి వెళ్లడం ఖాయం. విషయం భవిష్యత్తుకు చెందినదైనా ‘ఇఫ్’ పక్కన ‘విల్’ రాకపోవడం గమనార్హం. ‘విల్’ స్థానంలో సందర్భాన్నిబట్టి ‘కెన్’, ‘మే’, ‘మస్ట్’, ‘షుడ్’ కూడా రావచ్చు. ఆజ్ఞావాక్యమూ రావచ్చు. ‘ఇఫ్ యు హియర్ ద సైరన్, లీవ్ ద హౌస్’ అన్నది అటువంటిదే.

3. సెకండ్ కండిషనల్: ఊహ

షరతు భాగంలో సింపుల్ పాస్ట్, ఫలిత భాగంలో ‘వుడ్’తో పాటు క్రియ మొదటి రూపం వస్తాయి.

‘ఇఫ్ ద రివర్ రోజ్ ఇన్ ఏప్రిల్, ఎవ్రీబడీ వుడ్ బి సర్‌ప్రైజ్డ్.’

ఎండాకాలంలో గోదావరి పొంగుతుందని ఎవరూ అనుకోరు. ఆ అపనమ్మకాన్ని ‘రోజ్’ అనే పాస్ట్ టెన్స్ రూపమే చెబుతోంది. మన నానుడి ‘అత్తకు మీసాలు వస్తే మామ అవుతుంది’ ఇందుకు చక్కని ఉదాహరణ. తెలుగులో క్రియ మామూలుగానే ఉన్నా అది జరగదని అందరికీ తెలుసు. ఇంగ్లిష్‌లో చెప్పాలంటే మాత్రం ‘ఇఫ్ మై మదర్ ఇన్ లా హ్యాడ్ ఎ మస్టాష్, షి వుడ్ బి మై ఫాదర్ ఇన్ లా’ అని క్రియను వెనక్కి జరపవలసిందే.

ఈ రకంలో ‘బి’ క్రియకు కర్త ఏదైనా ‘వర్’ రావడం ప్రామాణికం. ‘ఇఫ్ ఐ వర్ యు, ఐ వుడ్ టేక్ దిస్ జాబ్’ అంటే ‘నేను నీ స్థానంలో ఉంటే ఈ ఉద్యోగంలో చేరేవాణ్ని’ అని సలహా. మాటల్లో ‘ఇఫ్ ఐ వాజ్’ వినిపించినా పరీక్షల్లో, లేఖల్లో ‘వర్’ రాయడమే మేలు.

4. థర్డ్ కండిషనల్: చేజారినది

షరతు భాగంలో ‘హ్యాడ్’తో పాటు పాస్ట్ పార్టిసిపుల్, ఫలిత భాగంలో ‘వుడ్ హ్యావ్’తో పాటు పాస్ట్ పార్టిసిపుల్ వస్తాయి.

‘ఇఫ్ వి హ్యాడ్ హర్డ్ ద వార్నింగ్, వి వుడ్ హ్యావ్ మూవ్డ్ ద క్యాటిల్.’

‘హెచ్చరిక విని ఉంటే పశువులను తరలించేవాళ్లం’ అని దీని భావం. హెచ్చరిక వినలేదు, పశువులను తరలించలేదు అనే రెండు వాస్తవాలు ఈ వాక్యంలో దాగి ఉన్నాయి. ‘నాట్’ అనే మాట లేకుండానే రెండూ జరగలేదని తెలుస్తోంది. వరదలో పశువులను కోల్పోయిన రైతు నష్టపరిహారం కోసం ఇంగ్లిష్‌లో అర్జీ పెట్టుకున్నాడనుకుందాం. పై వాక్యానికి బదులు ‘ఇఫ్ వి హర్డ్ ద వార్నింగ్, వి మూవ్డ్ ద క్యాటిల్’ అని రాస్తే ‘హెచ్చరిక విన్నప్పుడల్లా పశువులను తరలించేవాళ్లం’ అనే అర్థం వస్తుంది. ఆ పూట హెచ్చరిక అందనే లేదన్న ఫిర్యాదు అర్జీలో కనిపించకుండా పోతుంది. మూడు సహాయక క్రియలు వదిలేసినందుకు జరిగే నష్టం ఇది.

కలగలుపు వాక్యాలు

షరతు నిన్నటిది, ఫలితం నేటిది అయినప్పుడు మూడో రకం మొదటి సగాన్ని, రెండో రకం చివరి సగాన్ని కలుపుతారు. దీన్ని మిక్స్‌డ్ కండిషనల్ అంటారు.

‘ఇఫ్ వి హ్యాడ్ మూవ్డ్ ద క్యాటిల్ దట్ నైట్, దే వుడ్ బి అలైవ్ టుడే.’

తరలించడం ఆ రాత్రి సంగతి, బతికి ఉండటం నేటి సంగతి. ఏ భాగం ఏ కాలానిదో విడివిడిగా చూసుకుంటే క్రియారూపం దానంతటదే తేలుతుంది.

తెలుగువారికి తరచూ దొర్లే తప్పులు

- ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనడం: షరతు భాగంలో ‘విల్’ తప్పు. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ అనాలి. అయితే ‘ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్’ సరైనదే. అక్కడ ‘ఇఫ్’ అంటే ‘వస్తాడో రాడో’ అని అర్థమే కాని షరతు కాదు.

- ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ అనడం: షరతు భాగంలో ‘వుడ్ హ్యావ్’ రాకూడదు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్’ అనాలి.

- ప్రతి ‘తే’నూ ‘ఇఫ్’గా మార్చడం: ‘తెల్లవారితే పెళ్లి’ అన్నప్పుడు తెల్లవారుతుందో లేదో అనే సందేహం లేదు. ‘తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు’ అన్నదీ షరతు కాదు, జరిగిన సంగతి. ఇక్కడ ‘వెన్ ఐ ఓపెన్డ్ ద డోర్, దేర్ వాజ్ నోబడీ’ అనాలి. సందేహం ఉంటే ‘ఇఫ్’, తప్పక జరిగేదైతే ‘వెన్’.

- ‘అన్‌లెస్’తో మరో ‘నాట్’ చేర్చడం: ‘అన్‌లెస్’లోనే వ్యతిరేకార్థం ఉంది. ‘అన్‌లెస్ యు పే ద ఫీ, యు కెనాట్ రైట్ ది ఎగ్జామ్’ అంటే ‘ఫీజు చెల్లిస్తే తప్ప పరీక్ష రాయలేరు’ అని అర్థం. ‘అన్‌లెస్ యు డోంట్ పే’ అంటే అర్థం తలకిందులవుతుంది.

- ‘ఈవెన్ ఇఫ్’, ‘ఈవెన్ దో’ ఒకటే అనుకోవడం: ‘వాన పడినా వచ్చాడు’, ‘వాన పడినా వస్తాడు’ అనే రెంటికీ తెలుగులో ‘పడినా’ సరిపోతుంది. వ్యాకరణంలో దీన్ని అప్యర్థకం అంటారు. ఇంగ్లిష్‌లో వాన నిజంగా పడి ఉంటే ‘ఈవెన్ దో’, పడుతుందో లేదో తెలియనప్పుడు ‘ఈవెన్ ఇఫ్’ వాడాలి.

లేఖల్లో, పత్రాల్లో ‘ఇఫ్’ కనిపించని షరతులు

కార్యాలయ ఇంగ్లిష్‌లో ‘ఇఫ్’ను తొలగించి సహాయక క్రియను ముందుకు తెస్తారు. ‘షుడ్ యు నీడ్ ఎనీ హెల్ప్, ప్లీజ్ కాంటాక్ట్ ది ఆఫీస్’ అన్న వాక్యంలో ‘షుడ్’ చూసి ‘తప్పనిసరి’ అని పొరబడటం కద్దు. దాని భావం ‘ఒకవేళ సహాయం అవసరమైతే’ అని మాత్రమే. ‘హ్యాడ్ ఐ నోన్’ అంటే ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్’ అనే అర్థం.

రుణ మంజూరు పత్రాల్లో, ఒప్పందాల్లో ‘ప్రొవైడెడ్ దట్’ అనే మాట తరచూ కనిపిస్తుంది. ‘ఈ షరతు నెరవేరితేనే’ అని దాని అర్థం. ఆ మాట తర్వాత ఉన్నది చదవకుండా సంతకం చేయడం క్షేమం కాదు. ‘ఇన్ కేస్’ ముందుజాగ్రత్తను తెలుపుతుంది. ‘టేక్ యాన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్’ అంటే వాన పడ్డాక కాదు, పడవచ్చు కనుక ఇప్పుడే గొడుగు తీసుకెళ్లమని.

ఉద్యోగ దరఖాస్తులోనూ జాగ్రత్త అవసరం. ‘ఇఫ్ ఐ యామ్ సెలెక్టెడ్, ఐ విల్ జాయిన్ ఇమీడియట్లీ’ అంటే ఎంపికపై ఆశ ఉన్నట్లు. ‘ఇఫ్ ఐ వర్ సెలెక్టెడ్, ఐ వుడ్ జాయిన్’ అంటే ఆ అవకాశం తక్కువని అభ్యర్థే భావిస్తున్నట్లు ధ్వనిస్తుంది.

విరామచిహ్నం

‘ఇఫ్’ భాగం ముందు వస్తే దాని తర్వాత కామా పెట్టాలి. ఫలిత భాగం ముందు వస్తే సాధారణంగా కామా అవసరం లేదు. ‘వి విల్ మూవ్ ఇఫ్ ద రివర్ రైజెస్’ అని రాస్తే చాలు. ఫలిత భాగానికి ముందు ప్రతిసారీ ‘దెన్’ చేర్చనక్కర్లేదు.

అభ్యాసం

కింది తెలుగు వాక్యాలకు సరైన ఇంగ్లిష్ వాక్యాలు రాసి సరిచూసుకోవచ్చు.

1. నువ్వు కష్టపడి చదివితే పాసవుతావు.
2. నాకు కారు ఉంటే రోజూ బస్సు ఎక్కేవాణ్ని కాదు.
3. ఆమె నిన్న ఫోన్ చేసి ఉంటే నేను స్టేషన్‌కు వెళ్లేవాణ్ని.
4. మంచును వేడిచేస్తే కరుగుతుంది.
5. వాళ్లు ఉదయమే బయల్దేరి ఉంటే ఇప్పుడు ఇక్కడ ఉండేవాళ్లు.
6. నేను స్టేషన్‌కు వెళ్లేసరికి చూస్తే రైలు వెళ్లిపోయింది.

సమాధానాలు

1. ఇఫ్ యు స్టడీ హార్డ్, యు విల్ పాస్. (ఫస్ట్ కండిషనల్)
2. ఇఫ్ ఐ హ్యాడ్ ఎ కార్, ఐ వుడ్ నాట్ టేక్ ద బస్ ఎవ్రీ డే. (సెకండ్ కండిషనల్)
3. ఇఫ్ షి హ్యాడ్ ఫోన్డ్ ఎస్టర్‌డే, ఐ వుడ్ హ్యావ్ గాన్ టు ద స్టేషన్. (థర్డ్ కండిషనల్)
4. ఇఫ్ యు హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్. (జీరో కండిషనల్)
5. ఇఫ్ దే హ్యాడ్ స్టార్టెడ్ ఇన్ ద మార్నింగ్, దే వుడ్ బి హియర్ నౌ. (మిక్స్‌డ్ కండిషనల్)
6. వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్. (‘చూస్తే’ అని ఉన్నా ఇది షరతు వాక్యం కాదు)