గోదారిని నీలంగా వేస్తే అమ్మ ఒప్పుకోలేదు

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిన దామెర్ల రామారావు గారి కథ రాసి పెట్టమని కొందరు అడిగారు. డ్యూటీ అయ్యాక రూములో కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

బహ్రెయిన్ అంటే అరబ్బీలో రెండు సముద్రాలు. ఇక్కడ నది అనేదే లేదు. మాది దేవీపట్నం మండలంలో గోదారి ఒడ్డు పల్లె. పోలవరం ముంపులో ఊరు ఖాళీ అయింది. అమ్మ ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంది. మా రేవు ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివాను కాబట్టి గీత వచ్చు, రంగు రాదు. సరే, నేర్చుకుందామని మనామాలో ఆయిల్ రంగులు, కాన్వాసు కొన్నాను.

మొదటి బొమ్మలో నదిని నీలంగా వేశాను. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ, "ఇది సముద్రంరా, మన గోదారి కాదు" అంది. నిజమే, ఇన్నేళ్ళుగా నేను చూసేది సముద్రాన్నే కదా!

అప్పుడే రామారావు గారి గురించి వెతికాను. ఆయన 1897లో రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన స్వయంగా బొమ్మలు వేసేవాడు. కుర్రాడి చేతిలో పని ఉందని గుర్తించి ప్రోత్సహించాడు. 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. ఆయిల్ రంగు యూరప్ నుంచి మనకొచ్చిన పద్ధతి. అది నేర్చుకుని కూడా ఆయన బొంబాయిలో ఉండిపోలేదు, తిరిగొచ్చి మన మనుషుల్నీ మన గోదారినీ వేశారు. తూర్పు కనుమల్లో గోదారిని వేసిన ఆయన చిత్రాన్ని అప్పటి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ మెచ్చుకున్నారు. రాజమండ్రిలోనే బొమ్మలు నేర్పడం కూడా మొదలుపెట్టారు. 1925లో మశూచి సోకి పోయారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. భార్య సత్యవాణి గారు, మిత్రుడు వరదా వెంకటరత్నం గారు ఆ బొమ్మల్ని కాపాడబట్టే ఈరోజు రాజమండ్రి గ్యాలరీలో మనం చూడగలుగుతున్నాం.

ఇక పని సంగతి. ఆయిల్ రంగు వేయడం గోడకి పెయింట్ వేసినట్టే, తొందర పనికిరాదు. కింది పొర టర్పెంటైన్ కలిపి పల్చగా వేయాలి. పై పొరల్లో అవిసె నూనె పెంచుకుంటూ పోవాలి. తిరగేసి చేస్తే పై పొర ముందు ఆరిపోయి, కింద ఇంకా కదులుతుంటే పగుళ్ళొస్తాయి. పుట్టీ ఆరకముందే పెయింట్ కొట్టినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఇంకోమాట, నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళున్న డబ్బాలో వేయండి. పది మంది పడుకునే రూములో ఇది చిన్న విషయం కాదు.

రెండో బొమ్మ వరద గోదారి. పసుపు మట్టి రంగు, ఇటుక రంగు, కొంచెం తెలుపు కలిపితే ఆ ఎర్రనీళ్ళు వచ్చాయి. పాపికొండలు దగ్గరివి ముదురాకుపచ్చ, వెనక్కి పోయేకొద్దీ లేత నీలం. నేను మొదట నదికి వాడిన నీలం అక్కడ పనికొచ్చింది.

అమ్మ చాలాసేపు చూసింది. "రేవులో చింతచెట్టు ఏదిరా? దాని కిందే కదా మీ నాన్న పడవ కట్టేది" అంది. ఆ చెట్టు నాకు గుర్తే లేదు. కొమ్మ ఎటు వంగేదో, ఎన్ని మెట్లకి నీడ పడేదో అమ్మే చెప్పింది, నేను రాసుకున్నాను. కింది పొర ఆరాలి, వచ్చే శుక్రవారం చెట్టు వేస్తాను.

మీ ఊరి ఏరు ఏ రంగులో ఉండేదో మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఈసారి ఫోన్‌లో అడగండి. ఉంటాను.