మానసిక ఆఘాతం: చికిత్స చరిత్ర

యుద్ధం, అత్యాచారం, ప్రమాదం, ప్రకృతి విపత్తు వంటివి మనసుకు చేసే గాయాన్ని మానసిక ఆఘాతం అంటారు. వాడుకలో ట్రామా అన్నా ఇదే. ఆపద గడిచిపోయినా బాధితులకు అది గడిచినట్టుండదు. పీడకలలు వస్తాయి, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, జరిగినదాన్ని గుర్తుచేసే చోటికి అడుగు పెట్టలేరు. భరించలేని ఆ జ్ఞాపకాన్ని ఏం చేయాలన్నదే ఈ చికిత్స చరిత్ర పొడుగునా నలిగిన ప్రశ్న.

భయంకర అనుభవాల జ్ఞాపకాలు మామూలు స్పృహ నుంచి విడిపోయి మనిషిని లోలోపల వేధిస్తాయని ఫ్రాన్స్‌కు చెందిన మనస్తత్వవేత్త పియర్ జానే 1889లోనే రాశారు. చర్చ ముదిరింది మాత్రం మొదటి ప్రపంచయుద్ధంలో. 1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ ‘లాన్సెట్’ పత్రికలో షెల్ షాక్ (ఫిరంగి గుండ్ల పేలుళ్ల ఆఘాతం) పేరుతో సైనికుల కేసులు ప్రచురించారు. ఒళ్లు వణికేవారిని, మాట పడిపోయినవారిని చాలామంది అధికారులు పిరికివాళ్ల కిందే జమకట్టారు. లండన్‌లో లూయిస్ యెలాండ్ అనే వైద్యుడు అలాంటివారి గొంతుకు కరెంటు పెట్టి మాట్లాడించారు. దాన్ని చికిత్స అనడానికి నోరు రాదు.

ఎడిన్‌బరో దగ్గరి క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో వైద్యుడు డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ వేరే దారి పట్టారు. జరిగింది మరిచిపొమ్మని అందరూ ఇచ్చే సలహాయే సైనికుల బాధను పెంచుతోందని 1917 డిసెంబరు ప్రసంగంలో వాదించారు. ఆయన దగ్గరికి వచ్చిన ఒక అధికారి, పేలుడులో ముక్కలైన స్నేహితుడి దేహాన్ని కళ్లారా చూశాడు. రాత్రయితే అదే కల. దేహం ఆ స్థితిలో ఉందంటే ప్రాణం క్షణంలో పోయిందని, స్నేహితుడు యాతన పడలేదని రివర్స్ అతనికి చెప్పారు. కొన్నాళ్లకు కల మళ్లీ వచ్చింది. ఈసారి అతను భయపడలేదు, దేహం పక్కన మోకరిల్లి ఇంటివాళ్లకు అందించాల్సిన వస్తువులు తీశాడు. జ్ఞాపకం పోలేదు, దాన్ని చూసే తీరు మారింది. అలాగని పొద్దస్తమానం దాన్నే తలుచుకోమని కూడా రివర్స్ చెప్పలేదు.

యుద్ధం ముగిశాక ఈ పాఠం మరుగున పడింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, అత్యాచార బాధితుల పక్షాన నిలిచిన మహిళా ఉద్యమం గట్టిగా అడిగాకే 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌ను (పీటీఎస్‌డీ) రుగ్మతగా గుర్తించింది. తర్వాత మనస్తత్వవేత్త ఎడ్నా ఫోవా, భయపెట్టే జ్ఞాపకాన్ని సురక్షితమైన చోట పదేపదే చెప్పించే పద్ధతిని రూపొందించారు. ‘తప్పంతా నాదే’ వంటి ఆలోచనలను పరీక్షించే పద్ధతిని పట్రీషియా రెసిక్ తెచ్చారు. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలుచుకునే ఈఎండీఆర్‌ను ఫ్రాన్సిన్ షాపిరో 1989లో ప్రచురించారు. అందులో కంటి కదలికల పాత్రపై వాదం ఇంకా తెగలేదు. ఈ పద్ధతులతో ఎందరో కోలుకుంటున్నారు, అందరూ కాదు.

ఘటన జరిగిన వెంటనే బాధితులందరినీ కూర్చోబెట్టి అంతా చెప్పించే డీబ్రీఫింగ్ ఒకప్పుడు బాగా ప్రచారం పొందింది. అది పీటీఎస్‌డీని ఆపలేదని, కొందరికి హాని కూడా చేసిందని అధ్యయనాల్లో తేలింది. నోరు నొక్కడం ఎంత తప్పో, బలవంతాన నోరు తెరిపించడమూ అంతే తప్పు.

మన దేశంలో 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిపుణులు అక్కడి సాధారణ వైద్యులకు మానసిక చికిత్సలో శిక్షణనిచ్చారు. 1999 ఒడిశా తుపాను, 2004 సునామీ బాధితుల కోసం స్థానిక కార్యకర్తలనే తయారుచేశారు. ఇలాంటి బాధలో ఉన్నవారు, వారి ఇంటివాళ్లు కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.