పొలిమేర దగ్గర పరాయితనం
హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లోని మందుల, ప్లాస్టిక్, ఇంజినీరింగ్ కర్మాగారాలకు బీహార్, ఒడిశా, ఆంధ్ర జిల్లాల నుంచి జనం బతుకుదెరువు కోసం దశాబ్దాలుగా వస్తున్నారు. వలస మీద హైదరాబాద్‌లో కోపం అంతకన్నా పాతది. 1919 నాటి ముల్కీ (స్థానికుల) నిబంధనలు సర్కారు కొలువుకు 15 ఏళ్ల స్థిరనివాసం కావాలన్నాయి. దొంగ సర్టిఫికెట్లతో బయటివారు ఉద్యోగాలు పొందుతున్నారని 1952లో విద్యార్థులు వీధికెక్కారు. సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. బయటివారి మీద ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్న నినాదం మాత్రం మనిషిని తిండితో ఈసడించింది.

2020 మార్చి కరోనా లాక్‌డౌన్‌లో హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేయమంటే, పోలీసు పాసులు పట్టుకుని బైకుల మీద, కార్లలో ఆంధ్రలోని సొంతూళ్లకు బయల్దేరినవారిని రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర పోలీసులు ఆపేశారు. 14 రోజుల క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే రానిస్తామన్నారు. సొంత రాష్ట్రమే వారిని రోగం మోసుకొచ్చేవాళ్లుగా చూసింది. ఆ లాక్‌డౌన్‌లోనే జార్ఖండ్ వలస కూలీలను ఇళ్లకు చేర్చేందుకు దేశంలోని తొలి శ్రామిక్ రైలు మే 1న లింగంపల్లి నుంచి హతియాకు కదిలింది.